సారు పెట్టని బటన్

వాన వెలిసిన పొద్దున హుజూరాబాద్‌లో మా వీధి చివరి సొసైటీ గోదాము ముందు నుంచి నడిస్తే ఒక వాసన వస్తుంది. తడిసిన గోనెసంచులు, యూరియా ఘాటు, నీళ్ళు పీల్చిన రబ్బరు చెప్పులు, అన్నీ కలిసిన వాసన. మొన్న కరీంనగర్‌లో పనుండి బస్టాండుకు పోతూ చూస్తే గోదాము షట్టరు ఇంకా తెరవలేదు. వరుసలో మనిషన్నవాడు లేడు, వరుస మాత్రం ఉంది. చెప్పులు, వాటి మధ్య ఒక ఇటుక, ఒక హెల్మెట్, ఎవరిదో పాసుపుస్తకం జిరాక్సు మీద ఒక రాయి. మనుషులంతా ఎదురుగా హోటల్లో తీరిగ్గా చాయ్ తాగుతున్నారు. నవ్వుకుంటూ చూస్తుండగానే ఫోను మోగింది. ఆదిలాబాద్ వైపు ఒక పత్తి యార్డు నుంచి సందేశం: "మేడం, మీ ప్రోగ్రాంల ఒకరిని ముందుకు జరిపే బటన్ లేదు. అర్జెంటుగా పెట్టుండ్రి. అందరు అడుగుతుండ్రు." చదవగానే నా నోట్లోంచి "అయ్యో విఠల్ సార్!" అని పైకే వచ్చేసింది. పక్కన నడుస్తున్న ముసలాయన ఆగి చుట్టూ చూసి, "ఏడున్నడు బిడ్డా మీ సారు?" అన్నాడు. "లేరు తాతా" అన్నాను.

లేని మనిషిని మీకు చూపించాలంటే మొదట ఆయన టిఫిన్ డబ్బా చూపించాలి. కరీంనగర్‌లో నేను చదివిన పాలిటెక్నిక్‌లో విఠల్ సారు కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. ల్యాబు తలుపు మీద "లోపల తినుట నిషేధం" అని తన చేత్తోనే రాసి అతికించారు. ఆ తలుపు వెనకే కూర్చుని జొన్నరొట్టె, ఠేచా అనే పచ్చిమిరపకాయ కారం తినేవారు. ఊరు ఆదిలాబాద్ జిల్లా బోథ్ వైపు, పత్తి రైతుల ఇల్లు. అటువైపు మరాఠీ గాలి ఎక్కువ కాబట్టి ఆడపిల్లలందరినీ "బాయి" అనేవారు. నాకేమో చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. ఒకరోజు నేను రాసిన ప్రోగ్రాం ఎంతకీ నడవకపోతే కీబోర్డు మీద పిడికిలితో ఒక్కటిచ్చాను. సారు రొట్టె నములుతూ వచ్చి, "దాన్ని కొడితే ఏమస్తది బాయి? అది చెప్పింది చెప్పినట్టే చేసింది. చెప్పినోళ్ళెవలో వాళ్ళను కొట్టు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వక తప్పలేదు. ఆ రోజు నుంచి ఆయన వెనకే తిరిగాను, చదువు అయిపోయి ఉద్యోగం వచ్చాక కూడా.

సారు రాసిన ప్రోగ్రాం పేరు "వంతు". పత్తి అమ్ముకోవడానికి ట్రాలీలు, బండ్లు యార్డుకు వస్తాయి కదా, అక్కడ ఎవరి తరువాత ఎవరు కాంటా ఎక్కాలో అది చూసుకుంటుంది. గేటు దగ్గర పేరు చెబితే నంబరు ఇస్తుంది, వంతు రాగానే మైకులో పిలుస్తుంది. తన బాపు పత్తి బండి కింద పడుకుని వంతు కోసం ఎదురుచూస్తుంటే బలమున్నవాడు వచ్చి ముందర దూరిపోవడం సారు చిన్నప్పుడు కళ్ళారా చూశారు. ఆ మంటతోనే దీన్ని రాశారు. రాసి అమ్ముకోలేదు, ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఎలా రాశారో చదవచ్చు, తమకు తగినట్టు మార్చుకోవచ్చు. బాగుచేసి పంపితే మూలప్రతిలో కలుపుతారు. కలపాలా వద్దా అన్నది మాత్రం సారే తేల్చేవారు. "అందరిదీ అంటారు, పెత్తనం మాత్రం మీదేనా?" అని దెప్పాను ఒకసారి. "బువ్వ అందరికి పెడ్త బాయి. కూరల ఉప్పు మాత్రం ఒక్కళ్ళే ఎయ్యాలె. వచ్చినోళ్ళందరు తలో చిటికెడు ఏస్తే అది నోట్ల పెట్టస్తదా?" అన్నారు. ఆ జవాబు నాకు అప్పుడు అస్సలు నచ్చలేదు.

మొదటిసారి దాన్ని ఒక చిన్న యార్డులో పెట్టారు. ఆ యార్డు పేరు చెప్పను. ఏ గొడవా లేకుండా పొద్దంతా నడిచింది, సారు మొహం వెలిగిపోతోంది. అంతలో కొమురవ్వ వచ్చింది. భర్త లేడు, రెండెకరాల పత్తి, ఊరినంతా గడగడలాడించే గొంతు. సారు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"సారూ, నేను గింత బువ్వ తినొచ్చేటాళ్ళకు నా నంబర్ ఎటువాయె?"

"పిలిస్తే పలకలే గదా అవ్వా. పలకకుంటే రద్దయితది, మల్ల చివరికి పోతది."

"నేను పలకకుంటే నా పక్క బండి ఓదెలు పలికిండు! జర చూస్తుండు తమ్మీ అని వానికి చెప్పే పోయిన. మనిషి పలికితే పలికినట్టు కాదా?"

"ఫోన్ల ఒకటి నొక్కాలె అవ్వా, మెసేజ్ వచ్చినంక."

"ఫోన్ నా కొడుకు తానుంది. వాడు కరీంనగర్‌ల ఆటో నడుపుతుండు. మెసేజ్ వానికి పంపుతవ్, ఈడ నా పత్తిని ఎనకకు నూకుతవ్. నీ డబ్బాకు ఆకలి కాదు సరే, నువ్వన్న తింటవా లేదా?"

చుట్టూ ఉన్న రైతులు ఘొల్లున నవ్వారు. సారు చేతిలో ఉన్న టిఫిన్ డబ్బాను వీపు వెనక దాచుకున్నారు, నేను చూశాను. మా దగ్గర వరుస అంటే నిలబడిన మనుషులు కాదు. చెప్పు పెట్టి పోవచ్చు, రాయి పెట్టి పోవచ్చు, పక్కవాడికి ఒక మాట చెప్పి పోవచ్చు, వంతు ఎక్కడికీ పోదు. పత్తి రైతు కొడుకై ఉండి కూడా కంప్యూటర్ ముందు కూర్చునేసరికి సారు ఆ సంగతి మరిచారు. "తప్పు నాదే అవ్వా" అని, ప్రోగ్రాం లోపలికి వెళ్ళి తన చేత్తోనే కొమురవ్వ నంబరును దాని జాగాలో మళ్ళీ పెట్టారు. అది నిమిషం పని.

ఆ సీజనంతా సెలవు దొరికినప్పుడల్లా సారు ఆ యార్డులో కూర్చున్నారు, నన్నూ కూర్చోబెట్టారు. అది ఆయన పద్ధతి. ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా, చేసినవాళ్ళు పోయి వాడేవాళ్ళ పక్కన కూర్చోవాలి. ఏమీ అడగకూడదు, నేర్పకూడదు, వేలు పెట్టకూడదు. నోరు మూసుకుని చూడాలి. గేటు దగ్గర గుమాస్తా తప్పు చోట నొక్కుతుంటే నాకు ప్రాణం పోయేది. "అక్కడ కాదన్నా!" అని లేవబోతే సారు నా చేతిలో పల్లీల పొట్లం పెట్టి, "నోట్లె ఇవేసుకో" అనేవారు. పల్లీలు తింటూ నేను నేర్చుకున్న చదువు కాలేజీలో రాలేదు. "జిమ్మా", అంటే ఇంకొకరికి బాధ్యత అప్పజెప్పడం, అన్న ఏర్పాటు అక్కడే పుట్టింది. గేటు దగ్గరే "నేను లేకుంటే ఫలానా ఆయన పలుకుతడు" అని చెప్పుకోవచ్చు, అతను పలికితే చాలు. దానికి కొమురవ్వ సంతోషించిందని అనుకోకండి. "గింతదానికి గిన్ని రోజులా?" అని మూతి తిప్పింది.

అప్పటికి సారూ నేనూ ఒక నిర్ణయానికి వచ్చేశాం, వాడేవాళ్ళు ఏది అడిగితే అది ఇవ్వడమే మన పని అని. నేనైతే గట్టిగా నమ్మాను. సరిగ్గా అప్పుడే యార్డు సెక్రటరీ వచ్చి బటన్ అడిగాడు. ఒకరి నంబరును ముందుకు జరిపే బటన్, అది తన దగ్గర ఉండాలి. ఆయనేమీ దుర్మార్గుడిలా అడగలేదు. ఆ మధ్యాహ్నం మబ్బు కమ్ముకొచ్చింది. సమ్మయ్య అనే రైతు కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కూతురికి కాన్పు కష్టమై కరీంనగర్ ఆస్పత్రికి తీసుకుపోయారని కబురు, అతని నంబరేమో ఎక్కడో వెనక ఉంది. "చూడుండ్రి సార్, గీ మనిషిని ఇప్పుడే పంపాలె. బటన్ ఉంటే ఒక్క నిమిషం పని" అన్నాడు సెక్రటరీ.

సారు తల అడ్డంగా ఊపారు. నాకు ఒళ్ళు మండింది. "పెట్టండి సార్! అడిగింది ఇవ్వాలని మీరే కదా చెప్పింది?"

"ఇయ్యాల సమ్మయ్య కోసం నొక్కుతడు బాయి. రేపు ఎవల కోసం నొక్కుతడు?"

"ఆ రోజు కొమురవ్వను మీరే జరిపారు కదా. మీ చేత్తోనే!"

"అందుకే బుగులు బాయి. ఎంత సులువుగ అయిందో నాకే తెలుసు. ఎవ్వలు నన్ను అడ్డుకోలే, ఎవ్వలు చూడను గూడ చూడలే."

సమ్మయ్య ఏడుపు మొహం మాత్రం కళ్ళ ముందే ఉంది. అప్పుడు ట్రాలీ మీద పత్తిలో కూర్చున్న కొమురవ్వ పైనుంచే అరిచింది.

"ఏందయ్య గా లొల్లి? నా నంబర్ దగ్గరికొచ్చింది. వానికియ్యుండ్రి."

సారు తల పైకెత్తారు. "నువ్వు ఎనకకు పోతవ్ అవ్వా. మబ్బు పట్టింది."

"పోతె పోత. తడిస్తే నా పత్తే గదా తడిచేది. నాది నేను ఇస్తున్న. గదే ఈ సెక్రటరీ సారు గుంజి ఇచ్చిండనుకో, చూద్దురు నా నోరు!"

ఆమె నోరు అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చూడదలచుకోలేదు. సమ్మయ్య పత్తి కాంటా ఎక్కింది, డబ్బుల సంగతి ఓదెలుకు అప్పజెప్పి అతను బస్సెక్కాడు. నాలుగు చినుకులు పడ్డాయి. ఓదెలు తన పరదా తెచ్చి కొమురవ్వ పత్తి మీద కప్పాడు. తరువాత తెలిసింది, తల్లీబిడ్డా క్షేమం. సారు మాత్రం ఆ సాయంత్రం బస్సులో కిటికీలోంచి చూస్తూ తనలో తానే నవ్వుకున్నారు. వారం తిరక్కుండానే "వంతు"లో కొత్త ఏర్పాటు వచ్చింది. ఎవరి వంతును వారే ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఎవరూ తీసుకోలేరు, సెక్రటరీ కాదు కదా సారు కూడా. లోపల చేత్తో మార్చే దారిని మొట్టమొదట తనకే మూసుకున్నారు. ఇచ్చిన ప్రతిసారీ మైకు అందరికీ వినబడేలా చెబుతుంది: "ఫలానా వారు తమ వంతును ఫలానా వారికి ఇచ్చారు."

సెక్రటరీకి అది నచ్చలేదు. తెరిచి పెట్టినదే కాబట్టి, పట్నంలో ఎవరో కుర్రాడితో ప్రోగ్రాంను నకలు తీయించి, అందులో తనకు కావలసిన బటన్ పెట్టించుకున్నాడు. పేరు మాత్రం "వంతు" అనే ఉంచాడు. ఇంకేముంది, పెద్ద రైతుల ట్రాలీలు ముందుకు జరిగాయి. మైకు కిక్కురుమనలేదు. ఒకరోజు కొమురవ్వ సారుకు ఫోన్ చేసి తిట్టిన తిట్లు నేను పక్కనుండి విన్నాను. "నువ్వు పెట్టిన డబ్బానే దొంగతనం నేర్చింది సారూ! నీ మీద నమ్మకంతోటే గదా నేను బండి కింద పండుకునుడు మానేసింది!" అంది. సారు ఆ రోజు టిఫిన్ డబ్బా తెరవలేదు. ఆయన అన్నం మానడం నేను చూసింది అదొక్కసారే.

నేను మాత్రం చిందులు తొక్కాను. "మూసేద్దాం సార్. ఇంక ఎవడికీ లోపల చూపించొద్దు. ఇంట్లో పెట్టి అన్నం పెడితే వాసాలు లెక్కపెట్టారు!"

"మూస్తే ఏమైతది?"

"దొంగలకు దొరకదు."

"మరి ఖమ్మం దిక్కు ఎవలో మిర్చికి వాడుకుంటుండ్రు, వాళ్ళకు? బోథ్‌ల మా తమ్ముడు సోయాకు వాడుతుండు, వానికి? ఇచ్చినంక మల్ల గుంజుకుంటమా బాయి? గట్ల గుంజుకునుడు వద్దనే గదా ఇది రాసింది."

"అయితే చేతులు ముడుచుకుని కూర్చుందామా?"

"పేరు మనది. పేరు ఇయ్యలే. గది అడుగుదాం."

అడిగారు. మర్యాదగా, మళ్ళీ మళ్ళీ అడిగారు, నకలుకు వేరే పేరు పెట్టుకొమ్మని. చివరికి పెట్టుకున్నారు. పక్క యార్డులో అసలు "వంతు"నే నడుస్తోంది. ఇక్కడ పేరు మారేసరికి రైతులు అడగడం మొదలుపెట్టారు, "పక్క యార్డుల ఎవలు ఎవలికి ఇచ్చిండ్రో మైకుల చెప్తుండ్రు, మన దగ్గర ఎందుకు చెప్తలేరు?" అని. కొందరు ట్రాలీలు తిప్పుకుని పక్క యార్డుకే పోయారు, అందరికంటే ముందు కొమురవ్వ పోయింది. సెక్రటరీ మనసు మారలేదు, అలాంటి అద్భుతాలేవీ జరగలేదు. ఆయన బదిలీ అయ్యాక వచ్చిన కొత్తాయన మాత్రం గొడవ మనకెందుకని సారు ప్రతినే మళ్ళీ పెట్టించాడు. ఆ బటన్ రాసిన పట్నం కుర్రాడు ఈలోగా మాకు ఒక మార్పు పంపాడు, పాత కంప్యూటర్లలో కూడా మైకు ఆగకుండా పలికేటట్టు. "వాడిదా? చెత్తబుట్టలో వేయండి" అన్నాను. సారు రెండు రోజులు దాన్ని పరీక్షించి, యార్డులో కూర్చుని చూసొచ్చి, మూలప్రతిలో కలిపారు. కింద ఆ కుర్రాడి పేరు రాసి కృతజ్ఞతలు కూడా చెప్పారు. నేను అలిగాను. "బటన్ చెడ్డది, తీసుకోలే. ఇది మంచిగున్నది, తీసుకున్న. ఇంక నువ్వు అలిగినవ్, దానికేం చేయాల్నో నాకు తెల్వది. ఠేచా తింటవా?" అన్నారు. తిన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారానికే.

తరువాత సారుకు ఒంట్లో బాగుండలేదు. కిడ్నీలు చెడిపోయాయి, ఠేచా మాన్పించారు, ఉప్పు మాన్పించారు. "కూరల ఉప్పు నేనే ఎయ్యాలన్న గదా, దేవుడు ఇన్నడు" అని తన మీద తానే జోకు వేసుకున్నారు. ఆ ఏడు యార్డులో సీజను మొదలయ్యే రోజు, కాంటాకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టే వేళకు ఆటోలో వచ్చారు. మనిషి సగమైపోయారు. గేటు దగ్గర గుమాస్తాను లేపి, ఆ కుర్చీలో కూర్చుని ఏదో కొట్టారు. నేను పక్కన పల్లీలు తింటూ, నోరు మూసుకుని చూస్తున్నాను. మైకు గరగరమంది.

"విఠల్ గారు తమ వంతును సరిత గారికి ఇచ్చారు."

యార్డంతా నా వైపు తల తిప్పింది. "సారుకు పత్తి యాడిది?" అంది కొమురవ్వ. అంతలోనే ఆమెకే అర్థమైంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వద్దు సార్. నేను అడగలేదు" అన్నాను.

"అడగలే గనకనే ఇస్తున్న బాయి" అన్నారు సారు, నవ్వుతూ.

ఆ సీజను పూర్తికాకముందే ఆయన పోయారు. బోథ్‌కు పోయి వచ్చాను. కొమురవ్వ కూడా నాతో వచ్చింది, తన కొడుకు ఆటోలో, అంత దూరం. దారి పొడుగునా ఆమె నోరు మెదపలేదు, నాకు అన్నిటికంటే దానికే భయం వేసింది.

ఇప్పుడు "వంతు" జిమ్మా నాదే. మూలప్రతిలో ఏది కలపాలో నేనే చెబుతాను. ఎందరికో నేను మొండిదాన్ని, మాట వినని దాన్ని. కొందరు వెనక పెత్తందారు అని కూడా అంటారట, అననీ. అడిగింది ఇవ్వలేనప్పుడు నాకు ఇప్పటికీ రాత్రి అన్నం సహించదు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఆ సందేశానికి గోదాము ముందే నిలబడి జవాబు కొట్టాను: "బటన్ పెట్టను. అది ఎందుకు కావలసి వచ్చిందో చూడాలి. ఈ రోజే వస్తున్నాను, మీ గేటు దగ్గర ఒక మూలన కూర్చుంటాను, నాకు చాయ్ కూడా వద్దు." కరీంనగర్ పని వాయిదా వేసుకుని, పక్కనే తోపుడుబండి మీద పల్లీలు కొనుక్కుని సంచిలో వేసుకున్నాను.

అంతలో ఒక కుక్క వచ్చి గోదాము ముందున్న ఆ వరుసలోంచి ఒక చెప్పును నోట కరుచుకుని పరుగెత్తింది. నేను కేకవేసి వెంటపడ్డాను. అది భయపడి చెప్పును బురదలో వదిలేసి పోయింది. తీసుకొచ్చానే గానీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు, కుక్క తొక్కిడికి చెప్పుల మధ్య ఖాళీ కూడా కలిసిపోయింది. నేను నిలబడి చూస్తుంటే హోటల్లోంచి చాయ్ గ్లాసులు పట్టుకుని నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు.

"ఇటుక ఎనక మేడం! హెల్మెట్ ముంగట!"

"గది రాజవ్వది! పాలు పిండెతందుకు పోయింది!"

నాకు ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. వంగి ఇటుకను కాస్త జరిపి, రాజవ్వ చెప్పును దాని జాగాలో పెట్టి, చేతులు దులుపుకుని ఆదిలాబాద్ బస్సు కోసం నడిచాను.